హోరు తగ్గుతుంది, గోల తగ్గదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల రొదను తగ్గించే బ్లూటూత్ హెడ్‌ఫోన్ల గురించే. కొన్నవారివి, కొనబోయేవారివి, కొని నిరాశపడ్డవారివి. రికార్డింగ్ గదుల్లోనూ బయటి షూటింగుల్లోనూ కలిపి 31 ఏళ్లు హెడ్‌ఫోన్లతోనే బతికాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. వాటిని దాచుకోకుండా రాస్తున్నాను.

ప్రశ్న: రోజూ మియాపూర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తాను. రెండు వారాలకోసారి రాత్రి బస్సులో విజయవాడ ప్రయాణం. ఆరు వేల హెడ్‌ఫోన్ల పెట్టె మీదా, ముప్పై వేల వాటి పెట్టె మీదా 'నాయిస్ క్యాన్సలింగ్' అనే ఉంది. షాపులో పెట్టుకుని చూస్తే రెండూ ఒకేలా అనిపించాయి. తేడా నిజంగా ఉందా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

జవాబు: ఉంది. అయితే అది షాపులో తెలిసేది కాదు. షాపులో హోరు లేదు. హోరు లేని చోట హోరును తగ్గించే యంత్రానికి పని ఏముంటుంది?

ముందు ఒక సంగతి స్పష్టం చేసుకుందాం. మన భాషలో హోరు వేరు, గోల వేరు. బస్సు ఇంజినుది, ఏసీ గాలిది, విమానానిది హోరు. అది మందంగా, ఆగకుండా సాగుతుంది. 100 హెర్ట్జ్ (అంటే సెకనుకు 100 కంపనాలు) దగ్గర శబ్ద తరంగం పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. అంత తీరికగా ఊగే అలను, చెవిని మూసే కప్పు బయట ఉన్న మైకు ముందే పసిగడుతుంది. లోపలి స్పీకరు దానికి సరిగ్గా తిరగేసిన అలను పుట్టిస్తుంది. చెరువులో ఒక అల ఎత్తు మరో అల పల్లంలో పడితే నీరు చదునైనట్టు, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. వెనక సీటులో పసివాడి ఏడుపు, పక్కాయన ఫోనులో మోగే వీడియోలు, బ్రేకు కీచుమనడం ఇలాంటివి కావు, అవి గోల. 4,000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండదు. స్పీకరు బదులు చెప్పేలోపే అది చెవిలో పడిపోతుంది. దాన్ని కొంతవరకైనా ఆపేది చెవి చుట్టూ ఉండే మెత్త. ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్లకైనా ఇదే లెక్క: హోరు బాగా తగ్గుతుంది, గోల అంతగా తగ్గదు. "ముప్పై వేలు పోసినా పక్కవాళ్ల మాటలు వినపడుతున్నాయి" అని రాసిన పాఠకులకు కూడా ఇదే జవాబు.

ఇక తేడా ఎంతో చెప్తాను. గుంటూరు నుంచి సికింద్రాబాద్ వచ్చే గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన కూర్చుని, మీరు అడిగిన రెండు ధరల హెడ్‌ఫోన్లనూ మార్చి మార్చి పెట్టుకుని విన్నాను. నా ఫోనులో శబ్దానికి 15 మెట్లు ఉన్నాయి. అదే పాట, అదే మనిషి. నాయిస్ క్యాన్సలింగ్ ఆపేసినప్పుడు పల్లవిలో మాటలు స్పష్టంగా తెలియడానికి 12వ మెట్టు కావలసివచ్చింది. చవక హెడ్‌ఫోన్లలో దాన్ని నడిపితే 9వ మెట్టు. ఖరీదైన వాటిలో 6వ మెట్టు. హెడ్‌ఫోన్ల విలువను నేను కొలిచే పద్ధతి ఇదొక్కటే. పాట ఎంత గొప్పగా వినపడిందని అడగను, ఎన్ని మెట్లు దిగగలిగానని చూస్తాను.

ఇంకో తేడా కూడా అక్కడే బయటపడింది. కిటికీ తెరిచి ఉంటే గాలి నేరుగా బయటి మైకుకు తగిలి, చవక హెడ్‌ఫోన్లలో అంతకుముందు లేని రొద ఒకటి కొత్తగా పుట్టింది. రేకు మీద ఎవరో చేత్తో రుద్దుతున్నట్టుంది. ఖరీదైనవి గాలిని గుర్తించి ఆ మైకును తగ్గించుకున్నాయి. మీ మెట్రోలోనూ ఏసీ బస్సులోనూ కిటికీలు తెరవరు కాబట్టి మీకు ఆ బాధ లేదు.

అందువల్ల నా సలహా: పది వేల లోపు వాటిలో మీ చెవికి బాగా అమరేది చూడండి. వాయిదాల మీద ముప్పై వేలవి కొనవలసినంత అవసరం మీ ప్రయాణంలో నాకు కనపడలేదు. నెలకు రెండు మూడు విమానాలు ఎక్కే ఉద్యోగమైతే వేరేగా చెప్పేవాణ్ని. అప్పుడు సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎమ్ వరుసనో, బోస్ క్వైట్‌కంఫర్ట్ వరుసనో చూడమనేవాణ్ని. హోరును అణచడంలో వాటికి ఏళ్ల తరబడి మంచి పేరుంది. కొత్త మోడల్ వచ్చినప్పుడు పాతదాని ధర దిగుతుంది, అప్పుడు కొనుక్కోవడం తెలివైన పని. సోనీలో 2020 నాటి నాలుగో మోడల్ మడతపడుతుంది, 2022లో వచ్చిన అయిదోది మడతపడదు, 2025 నాటి ఆరోది మళ్లీ మడతపడుతుంది. వీపు సంచిలో లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా మోసేవారికి ఇది చిన్న విషయం కాదు.

షాపుకు మళ్లీ వెళ్లండి. ఈసారి ఏసీ యంత్రం కింద గానీ, గోడ ఫ్యాను పక్కన గానీ నిలబడి, పాట పెట్టకుండా, నాయిస్ క్యాన్సలింగ్ ఒకసారి నడిపి, ఒకసారి ఆపి చూడండి. కళ్లజోడు ఉంటే తీయవద్దు. కళ్లజోడు కాడ మెత్త కింద చిన్న సందు చేస్తుంది, ఆ సందులోంచి హోరు జొరబడుతుంది. తలను అటూ ఇటూ తిప్పండి. నమిలినట్టు దవడ ఆడించండి. కప్పు కదిలి హోరు లోపలికి వచ్చిందంటే అది మీ తలకు సరిపోలేదన్నమాట. ఇరవై నిమిషాలు తీయకుండా ఉంచుకోండి. షాపువారు విసుక్కున్నా ఫర్వాలేదు. నడినెత్తి మీద నొప్పి పుట్టేది పది నిమిషాల తర్వాతే.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. మొదటిసారి అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి, దోహా మీదుగా డాలస్ వెళ్తున్నాను. మా అబ్బాయి హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. పెట్టుకుని మీట నొక్కగానే చెవులు లోపలికి లాగినట్టయింది. చెవులకు చేటు చేస్తుందేమోనని తీసి పెట్టెలో పెట్టేశాను. ప్రవచనాలు వినాలని ఉంది. వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, నిర్భయంగా వాడండి. చెవిని ఎవరూ లాగడం లేదు. అక్కడ గాలి ఒత్తిడి ఏమీ మారదు. కొండ ఎక్కేటప్పుడో విమానం లేచేటప్పుడో చెవులు దిబ్బడ వేస్తే ముందుగా తగ్గేది మందమైన శబ్దాలే. ఈ యంత్రం కూడా ఆ మందమైన శబ్దాలనే తీసేస్తుంది. అందుకని మెదడు రెండింటినీ ఒకటే అనుకుంటుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. ప్రయాణానికి వారం ముందు నుంచి రోజూ అరగంట ఫ్యాను కింద కూర్చుని పెట్టుకోండి. అప్పటికీ తల తిరిగినట్టుంటే, మీ అబ్బాయిని ఫోనులో ఆ హెడ్‌ఫోన్ల యాప్ తెరిచి బలాన్ని సగానికి తగ్గించమనండి. చాలా మోడళ్లలో ఆ వీలుంది.

మీకు ఈ వస్తువు ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. ఎగిరే విమానం లోపల రొద 80 నుంచి 85 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలత) దాకా ఉంటుంది. పూటంతా దాని మధ్య కూర్చుంటే, ఏ పనీ చేయకపోయినా దిగేసరికి ఒళ్లు బరువెక్కుతుంది. ఆ బడలికలో కొంత భాగం హోరుదే. అసలు ఈ హెడ్‌ఫోన్ల కథ నడిచిందే విమానంలో. శబ్దాన్ని శబ్దంతో కొట్టవచ్చన్న ఆలోచనకు జర్మనీకి చెందిన పాల్ లూగ్ 1936లోనే అమెరికా పేటెంటు పొందారు గానీ, దాన్ని తలకు పెట్టుకునే వస్తువుగా చేసే సాధనాలు అప్పట్లో లేవు. 1978లో బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానంవారిచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నారు. ఇంజిను హోరులో సంగీతం మునిగిపోయింది. ఆయన అక్కడే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టారు. తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు, కొడుకు ఎంఐటీలో ఆచార్యుడు. ఆ లెక్కలు పైలట్లు పెట్టుకునే హెడ్‌సెట్‌గా 1989లో అమ్మకానికి వచ్చాయి. మామూలు ప్రయాణికులకు అందింది 2000లో. మీ పెట్టెలో ఉన్నది ఏ కంపెనీదైనా, అది నడిచే సూత్రం అదే.

ఇక ప్రయాణం సంగతులు. ప్రవచనాలను ఇంట్లోనే ఫోనులోకి దించుకోండి, ఆకాశంలో ఇంటర్నెట్ ఉంటుందో లేదో మనం లెక్కలోకి తీసుకోవద్దు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాక బ్లూటూత్‌ను విడిగా మళ్లీ ఆన్ చేయాలి. ఇది మీ అబ్బాయి దగ్గర రెండుసార్లు చేసి చూసుకోండి. హెడ్‌ఫోన్లతో పాటు వచ్చిన సన్నని తీగను పారేయవద్దు. ముందు సీటు వెనక ఉండే టీవీకి బ్లూటూత్ లేకపోతే తీగే దిక్కు. కొన్ని విమానాల్లో ఆ రంధ్రం రెండు పుల్లలది ఉంటుంది. దానికి చిన్న అడాప్టరు దొరుకుతుంది, ఒకటి కొనిపించుకోండి. హెడ్‌ఫోన్లను చేతి సంచిలోనే ఉంచుకోండి, లగేజీలో వేయవద్దు.

వినడానికి ఏమీ పెట్టకుండా, ఊరికే మీట నొక్కి పెట్టుకున్నా హోరు తగ్గుతుంది. నిద్రకు అదే మేలు. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం తీసేయండి. ఆ ప్రకటనలు వినాలి. చెవుల్లో అప్పుడు కలిగే ఒత్తిడి నిజమైనది, దానికి చప్పరించే బిళ్లే మందు.

దుద్దుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మా అక్కకు పెట్టి చూశాను. రాళ్ల దుద్దులు కప్పు లోపల పట్టాయి గానీ వెనక శీల గంటసేపటికి చెవి వెనక గుచ్చుకుని ఎర్రని మచ్చ పడింది. మాటీలు ఉంటే మెత్త సరిగ్గా అతకదు. ప్రయాణం రోజున చిన్న కమ్మలు పెట్టుకోండి. జుట్టు ముడిని నడినెత్తికి దూరంగా, కిందికి వేసుకోండి.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకుంటున్నాను. కొత్త హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు గదిలో మోగే శ్రుతిపెట్టె నీరసంగా, వణికినట్టు వినపడుతోంది. కచేరీ రికార్డింగుల్లో మృదంగం ఎడమవైపు మాత్రం ఢమఢమలాడుతోంది. నా చెవిదా లోపం, హెడ్‌ఫోన్లదా? ఎల్‌డాక్ ఉన్నవి కొంటే మేలా?
— ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: ఈ నెల నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊళ్లో ఉండి ఇంత శ్రద్ధగా వింటున్నావు. నీ చెవి చక్కగా ఉందమ్మా, దాన్నే నమ్ము.

హెడ్‌ఫోన్లకు సంగీతం తెలియదు. ఆగకుండా, మందంగా, ఒకే తీరున మోగేదంతా వాటికి శత్రువే. నీ శ్రుతిపెట్టెలోని తంబూరా చేసేది సరిగ్గా అదే! ఒకటో శ్రుతిలో షడ్జం ('స') సుమారు 131 హెర్ట్జ్, మంద్ర షడ్జం అందులో సగం. ఆ ప్రాంతాన్నే ఈ యంత్రం అన్నిటికన్నా గట్టిగా అణిచేస్తుంది. పైన ఉన్న అనుస్వరాలు (మూల స్వరంతో పాటు పుట్టే పై స్థాయి నాదాలు) దానికి అందవు కాబట్టి మిగిలిపోతాయి. ఫలితంగా ఒళ్లు పోయి నీడ మిగిలిన తంబూరా నీకు వినపడుతోంది. యంత్రం క్షణక్షణమూ తన లెక్క సవరించుకుంటూ ఉంటుంది, ఆ వణుకు అక్కడిదే. సాధన చేసేటప్పుడు నాయిస్ క్యాన్సలింగ్ ఆపేయి. లేదా శ్రుతిని గదిలో కాకుండా ఫోను నుంచే హెడ్‌ఫోన్లలోకి పంపు. లోపలి నుంచి వచ్చే స్వరాన్ని అది కొట్టేయదు.

ఇక తొప్పి సంగతి. మృదంగం ఎడమ మూతకు రవ్వముద్ద పెట్టి స్థాయి దింపుతారు కదా, ఆ గుంభనమైన నాదం ఉండేది కూడా కింది స్థాయిలోనే. చాలా కంపెనీలు సినిమా పాటలకు, నృత్య సంగీతానికి ఊపు రావాలని కింది స్థాయిని పెంచి అమ్ముతాయి. కచేరీలో వాద్యకారుడు తూకం వేసి కొట్టిన 'గుమికి' అనే ఆ గుంభన నాదం పైన ఇంకో రెండు వంతులు కలిపినట్టవుతుంది. యాప్‌లో ఈక్వలైజర్ (ఏ స్థాయి శబ్దం ఎంత ఉండాలో సవరించే చోటు) తెరిచి, 200 హెర్ట్జ్ కిందివాటిని మూడు డెసిబెల్స్ తగ్గించు. నీకు బాగా తెలిసిన ఒక రికార్డింగ్ పెట్టుకుని, వయొలిన్ మంద్రస్థాయి తీగ మీద కమాను రాపిడి వినపడేదాకా సవరించు. ఆ గరగర తెలిసిందంటే తూకం కుదిరినట్టే.

నీ వాద్యాన్ని నువ్వే వింటూ రికార్డు చేసుకోవాలంటే బ్లూటూత్ పనికిరాదు. మామూలుగా అది సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా వినిపిస్తుంది. రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వచ్చేసరికి చేతికీ చెవికీ పొత్తు కుదరదు. తీగ తగిలించుకో, ఒక చెవి మీది కప్పును వెనక్కి జరిపి ఆ చెవిని గాలికి వదులు. స్టూడియోలో గాయకులు అలా నిలబడే పాడతారు. ఎల్‌డాక్ గురించి కూడా అడిగావు. అది సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపే బ్లూటూత్ పద్ధతి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది, ఐఫోన్లలో ఉండదు. రాత్రి ఇంట్లో నిశ్శబ్దంగా వినేటప్పుడు తేడా తెలియవచ్చు, బస్సులో తెలియదు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

ప్రశ్న: నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నవే కొన్నాను. అయినా మీటింగులో అవతలివారికి మా ఇంటి మిక్సీ, కుక్కరు కూతలు వినపడుతున్నాయట. నాకు మాత్రం వినపడటం లేదు!
— వరంగల్ నుంచి ఒక ఉద్యోగిని

జవాబు: అది కాపాడేది మీ చెవిని మాత్రమే. అవతలివారికి వెళ్లే మాటను శుభ్రం చేసే ఏర్పాటు వేరు, కొన్నింటిలో బాగుంటుంది, కొన్నింటిలో నాసిగా ఉంటుంది. కొనేముందు వంటింట్లోనో రోడ్డు పక్కనో నిలబడి ఇంటివాళ్లకు ఫోను చేసి ఎలా వినపడిందో అడగడం తప్ప వేరే పరీక్ష లేదు. ఇప్పటికి నోటి ముందుకు వచ్చే మైకు కాడ ఉన్న మామూలు తీగ హెడ్‌సెట్ వాడండి, వెయ్యి రూపాయల్లో పని అయిపోతుంది.

ప్రశ్న: స్కూటరు మీద ఆఫీసుకు గంట ప్రయాణం. హెల్మెట్ కింద పట్టే చిన్నవి ఏవి మంచివి?
— విశాఖపట్నం

జవాబు: చెప్పను. వెనక లారీ హారన్, పక్కన బస్సు ఇంజిను మీ ప్రాణానికి కాపలా. వాటిని చెవికి దూరం చేసే వస్తువును బండి మీద వాడవద్దు. 'పరిసరాలు వినిపించే మోడ్' ఉంది కదా అనకండి, గాలి వేగానికి ఆ మైకులో వినపడేది గాలి హోరే. నడుస్తూ రోడ్డు దాటేవారికీ ఇదే మాట.

ప్రశ్న: కొన్న ఏడాదిన్నరకే చెవి మెత్తల తోలు నల్లగా పొలుసులు లేచి, చెవుల చుట్టూ అంటుకుంటోంది. కంపెనీ వాళ్లు వారంటీ వర్తించదన్నారు.
— నెల్లూరు

జవాబు: నా దగ్గరా ఒక జత అలాగే అయింది. పొద్దున అద్దంలో చూసుకుంటే చెవి వెనక మసి పూసినట్టు నల్లటి తునకలు. అది తోలు కాదు, బట్ట మీద పూసిన ప్లాస్టిక్ పొర. చెమట, ఉక్కపోత, అన్నిటికీ మించి తలనూనె దాన్ని తినేస్తాయి. కొబ్బరినూనె రాసుకున్న తలకు వెంటనే పెట్టుకోకండి. వాడిన ప్రతిసారీ పొడిబట్టతో తుడవండి, వేడెక్కిన కారులో వదిలేయకండి. మెత్తలు విడిగా దొరుకుతాయి, చాలావాటిలో ఇంట్లోనే మార్చుకోవచ్చు. అయితే మందం సరిపోని చవక మెత్త వేస్తే కప్పు చెవికి అతకదు, హోరు లోపలికి వస్తుంది. కొత్తవి కొనే పాఠకులు, ఆ మోడల్‌కు మెత్తలు దొరుకుతున్నాయో లేదో కొనేముందే చూసుకోండి. బ్యాటరీ కన్నా ముందు అరిగేది మెత్తే.

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. చదువుకీ పాటలకీ కలిపి రోజుకు నాలుగైదు గంటలు హెడ్‌ఫోన్లు తీయదు. నాయిస్ క్యాన్సలింగ్ ఉన్నవి కొనిస్తే చెవులకు మంచిదా, చెడా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: శబ్దం తగ్గించి వింటే మంచిది. తగ్గించకపోతే అవి ఉన్నా లేనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా వినవచ్చు, పిల్లలకైతే 75 దాటకూడదు. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 80 దగ్గర 40 గంటలు వినగలిగినవారు 89 దగ్గర వినగలిగేది వారానికి అయిదే గంటలు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్న మాట కాదు. బయటి షూటింగుల్లో జనరేటరు వ్యాను పక్కన కూర్చుని, ఆ హోరును దాటి సంభాషణ వినడానికి ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్ల శబ్దం పెంచుకుంటూ పోయాను. ఈనాటి యంత్రాలు అప్పుడు మా దగ్గర లేవు. ఎడమ చెవికి 4,000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడింది. వానాకాలం రాత్రి మా పెరట్లో కీచురాళ్లు అరుస్తుంటాయి. కుడిచెవిని దిండుకు ఆనించి పడుకుంటే పెరడంతా నిశ్శబ్దం. మనవరాలు చెవిలో రహస్యం చెప్పడానికి ఎడమవైపు వస్తే 'స'లూ 'శ'లూ పోయి మిగతా అక్షరాలే అందుతాయి. పోయిన ఆ వినికిడిని తిరిగి తెచ్చే మందు లేదు.

కాబట్టి పాపకు కొనివ్వండి, కానీ కొన్న రోజే ఫోనులో శబ్దానికి పరిమితి పెట్టండి, దాదాపు అన్ని ఫోన్లలోనూ ఆ వీలుంది. గంటకోసారి పది నిమిషాలు తీయించండి. తను వింటున్నప్పుడు మామూలు గొంతుతో పిలవండి, పలకకపోతే కోప్పడకుండా ఎన్నో మెట్టులో ఉందో చూడండి. చెవుల్లో గుయ్‌మనే మోత ఉందని ఎప్పుడైనా అంటే ఆలస్యం చేయక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి, 8,000 హెర్ట్జ్ దాకా. ఈలోగా ఒక పని చేయండి. వారం రోజులు, పాప ఏ చోట, ఎన్నో మెట్టు దగ్గర వింటోందో పాపచేతే ఒక కాగితం మీద రాయించి నాకు పంపండి. కొత్త హెడ్‌ఫోన్లు వచ్చాక మరో వారం రాయించండి. రెండు కాగితాలూ చూసి మళ్లీ రాస్తాను.